రెండు పుట్టినరోజులు, ఒక జట్కా గుర్రం

మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. ఆమె మనవరాలికి ఐదేళ్ళు నిండుతున్నాయట. ఊరి బయట ఎక్కడో గుర్రపు స్వారీ నేర్పే చోటుందట, పుట్టినరోజు అక్కడే చేస్తున్నారట. ఫోన్‌లోకి ఆహ్వానం కూడా పంపింది. అందులో ఒక గుర్రం నెత్తిన కోసు టోపీ పెట్టుకుని, బెలూను తాడు పళ్ళతో పట్టుకుని, నా పెన్షను పుస్తకంలో ఫోటో కంటే ఎక్కువ సంతోషంగా కనిపిస్తోంది. వచ్చే పిల్లలందరికీ గట్టి టోపీలు ఇస్తారట, ఒక్కొక్కరి పక్కన ఒక మనిషి నడుస్తాడట, గుర్రం తన్నినా కరిచినా తమకు సంబంధం లేదని తల్లిదండ్రుల చేత ముందే సంతకం పెట్టించుకుంటారట. "గుర్రం చేత కూడా పెట్టించుకుంటారా?" అని అడిగాను. ఆమె నవ్వి, "నీకు ఎప్పుడూ ఎగతాళే మామా. నువ్వు రావాల. పెద్దోళ్ళను కూడా ఎక్కిస్తారంట. నేనూ ఎక్కుదామని చూస్తాండా. డెబ్బై దాటినా ఇంతవరకు గుర్రమనేది ఎక్కిందే ల్యా" అంది.

సరేలే అని ఫోను పెట్టేశాను. అప్పటి నుంచి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. కర్నూలు పక్క కల్లూరులో మా ఇంటి వరండాలోకి పోతాను, షేరాటోలు పోతుంటే చూస్తాను, ఎందుకు వచ్చానో తెలియక లోపలికి వస్తాను. మా కోడలు రెండుసార్లు చూసి, "ఏం మామా, కళ్ళద్దాలు యాడన్నా పెట్టి మర్చిపోతివా?" అని అడిగింది. కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. మర్చిపోయింది నేను కాదు. గుర్రం ఎక్కింది ఒకరు, గుర్తుపెట్టుకునే పని ఇంకొకరిది. ఐదేళ్ళ పిల్లకు గుర్తుండదని తెలుసు. అయినా ఎక్కనే లేదని అంత ధైర్యంగా చెప్తే ఆ పొద్దు పరుగెత్తిన నా కాళ్ళకు ఏం సమాధానం చెప్పాలి?

అది మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న మూడేళ్ళలో చివరి ఏడు. నేను కర్నూలువాణ్ణి కాదు, బద్వేలు పక్క పల్లెవాణ్ణి. ఆరో తరగతిలో లెక్కల అయ్యవారు నన్ను బెంచీ ఎక్కి నిలబడమన్నాడు. కింద కూర్చున్నంత కాలం నాకు నల్లబల్ల ఒకటే కనిపించేది. బెంచీ ఎక్కితే కిటికీలోంచి రోడ్డు కనిపించింది. ఆ రోడ్డు పట్టుకుని పోయినవాణ్ణి మళ్ళీ ఆ బెంచీ దిగడానికి కూడా వెనక్కి పోలేదు. ఆ తర్వాత నాలుగైదు పనులు పట్టాను, అవన్నీ నన్ను వదిలాయి. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి మా నాయన విసిగిపోయి, "మీ బావ సర్కారు ఆఫీసులో ఉండాడు, ఆయన నీడన పడుండు, ఏదన్నా అంటుకుంటాదేమో" అని నన్ను కర్నూలులో మా అక్క ఇంటికి తోలేశాడు.

మా బావ కొత్త రాష్ట్రంతో పాటు మద్రాసు నుంచి కర్నూలుకు వచ్చిన గుమాస్తా. ఆఫీసులకు కట్టడాలు చాలక చాలామంది గుడారాల్లో కూర్చుని రాజ్యం చేసేవాళ్ళు. ఎండాకాలంలో ఆ గుడారాల కింద ఫైళ్ళు అప్పడాల్లా వంకర్లు తిరిగేవి. బావ మాత్రం ఏ కాలంలోనూ వంకర తిరగలేదు. బొత్తాములన్నీ పెట్టిన కోటు, చంకలో గొడుగు, జేబులో గడియారం. ఆయన నవ్వడం నేను ఆ మూడేళ్ళలో రెండుసార్లు చూశాను, అందులో రెండోది తుమ్ము అయ్యుండవచ్చు. ఆయనది చెడ్డ మనసు కాదు. ఆఫీసులో ఏ కాగితం ఎక్కడుందో తెలిసిన మనిషి, ఇంట్లో తన కూతురు ఏ గదిలో ఉందో అడిగి తెలుసుకునేవాడు, అంతే తేడా. పొద్దున తొమ్మిదిన్నరకు జట్కా వచ్చేది. బావ ముందు ఎక్కేవాడు, ఆ వీధిలోని గుమాస్తాలు మరో నలుగురు వెనక ఎక్కేవాళ్ళు. సాయంత్రం అయిదుకు అదే జట్కాలో అదే వరసలో దిగేవాళ్ళు. నన్ను చూడగానే బావ దినమూ ఒకే మాట అడిగేవాడు. "ఏమప్పా, ఈ పొద్దన్నా ఏమన్నా పని చూసుకుంటివా?" నేను దినమూ ఒకే జవాబు చెప్పేవాణ్ణి. "చూసినా బావా. దూరం నుంచి."

మా మేనకోడలు నాతోనే పెరిగింది. ఆ ఇంట్లో పని లేనివాళ్ళం మేమిద్దరమే. ఒకరోజు బావ పై అధికారి కొడుకు పుట్టినరోజుకు పిలుపు వస్తే, పిల్లను తీసుకుని నన్ను పొమ్మన్నారు. అక్కడ గది నిండా రంగు కాగితాలు కట్టారు, మధ్యలో బల్ల మీద ఒక తెల్లటి కేకు పెట్టారు, దాని మీద కొవ్వొత్తులు గుచ్చారు. ఆ పిల్లవాడు బుగ్గలు పూరించి వాటిని ఊదేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "దీపాలు ఊదేస్తాండాడు మామా, వాళ్ళవ్వ కొట్టదా?" అని చెవిలో అడిగింది. ఇంటికి వస్తుంటే దారంతా అదే ఆలోచన. "నా పుట్టినరోజుకు ఏం చేస్తారు?" అంది. మా ఇంట్లో పుట్టినరోజంటే తలకు నూనె, నెత్తిన అక్షింతలు, గిన్నెడు పాయసం. అది చెప్తే దానికి ఏం ఆనుతుంది? నా నోరు ఊరికే ఉండదు కదా. "కేకు ఎవరన్నా కోస్తారు. నిన్ను గుర్రం ఎక్కిస్తా" అన్నాను. అది ఆగి నా మొహం పరీక్షగా చూసింది. "నిజం గుర్రమా, నువ్వు వంగుండే గుర్రమా?" అంది. "నిజం గుర్రమే. తోక ఉండేది" అన్నాను.

మరునాటికి వీధిలోని పిల్లలు పద్నాలుగు మందికి ఆ వార్త తెలిసింది. అందరికీ తలా ఒకసారి ఎక్కే వంతు కూడా మా పిల్లే పంచేసింది. ఎదురింటి పిల్లవాడికి మాత్రం చివరి వంతు, వాడు అంతకుముందు దీని బలపం విరిచాడట. ఇక నాకు తప్పించుకునే దారి లేదు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి నాకొక పని తగులుకుంది.

బావను ఆఫీసుకు తీసుకుపోయే జట్కా ఒక ముసలి సాయిబుది. మేమంతా ఆయన్ను చాచా అనేవాళ్ళం. ఆయన గుర్రం పేరు బాద్షా. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టుకోవచ్చు, కానీ మెడ ఎత్తి నిలబడితే ఆ పేరు కొంచెం సరిపోయేది. నేను పోయి సంగతి చెప్పాను. చాచా గడ్డం గోక్కున్నాడు. "ఇది పుట్టినకాడి నుంచి బండికే కట్టినాం అబ్బయ్యా. ఈపు మీద మనిషిని ఎప్పుడూ ఎక్కించుకోల్యా. ఏమనుకుంటాదో ఏమో." "ఏమనుకుంటాది చాచా, ఐదుమంది గుమాస్తాల బరువు పోయిందని సంతోషపడతాది" అన్నాను. ఆయన నవ్వాడు గాని, ఆ నవ్వు గడ్డం దాటి బయటికి రాలేదు. రాజధాని హైదరాబాదుకు పోతోంది, గుమాస్తాలు పోతున్నారు, ఇక జట్కా ఎక్కేదెవరు? ఆలూరు పక్క నుంచి ఒక మనిషి వచ్చి బాద్షాను బేరం చేసుకుపోయాడట, రెండు వారాల తర్వాత శుక్రవారం నమాజు అయినాక వచ్చి తోలుకుపోతాడట. మా పిల్ల పుట్టిన తేదీ దాని ముందు రోజు గురువారం. ఒక్క దినం తేడాతో గుర్రం మాది. "గురువారం దాకా నీకు మాట ఇస్తాండా. శుక్రవారం నా చేతుల్లో లేదు" అన్నాడు చాచా.

ఆ రోజుల్లో ఊరంతా అట్లాగే ఒంటికాలి మీద ఉండేది. ప్రతి ఇంటి ముందు గడ్డి, గోతాలు, తాళ్ళు. మంచాలు విప్పేవాళ్ళు, విప్పినవి మళ్ళీ ఆ పూటకు బిగించుకుని పడుకునేవాళ్ళు. ఆవకాయ జాడీలు రైల్లో పోతాయా పగులుతాయా అని ఆడవాళ్ళు గోడల మీద నుంచి మాట్లాడుకునేవాళ్ళు. మా అక్క పప్పు పొయ్యి మీద పెట్టి గరిటె కోసం మూట విప్పేది. నేను దినానికి మూడుసార్లు చాచా కొట్టం దగ్గరికి పోయి బాద్షా ఉందా లేదా అని చూసి వచ్చేవాణ్ణి. ఉందని చూసి బయలుదేరితే దారిలోనే మళ్ళీ అనుమానం వచ్చేది. పిల్ల పడినా దెబ్బ తగలకుండా హంద్రి ఏటి ఇసుకలో ఎక్కించాలని అనుకున్నాను. ఆ ఇసుకలో రాళ్ళున్నాయా, ముళ్ళున్నాయా అని చెప్పులు విప్పి నడిచి చూశాను. ఇసుక చూసి వచ్చేసరికి గుర్రం మీద బెంగ, గుర్రాన్ని చూసి వచ్చేసరికి ఇసుక మీద బెంగ. చదువుకునేటప్పుడు ఇందులో సగం శ్రద్ధ పెట్టి ఉంటే నేను కూడా ఏదో ఒక గుడారం కింద చెమటలు కక్కుతూ ఉండేవాణ్ణి.

అన్నీ చూసుకున్నానుగాని, బావ వాళ్ళమ్మను చూసుకోలేదు. ఇంట్లో అందరం ఆమెను అవ్వ అనేవాళ్ళం. అవ్వకు తేదీలతో పని లేదు, తిథులతోనే పని. నేను గురువారం అని కొట్టానికీ ఇసుకకూ తిరుగుతుంటే, దానికి ముందు వారంలో బుధవారమే పిల్ల తిథి వచ్చిందని ఆమె పంచాంగంలో చూసుకుంది. నాకు చెప్పలేదు. చెప్పాలని ఆమెకు ఎందుకు తోస్తుంది? పుట్టినరోజంటే తిథే కదా. ఆ బుధవారం నేను హంద్రి నుంచి ఇంటికి వచ్చేసరికి, పిల్లకు తలంటి, సాంబ్రాణి వేసి, కొత్త గౌను తొడిగి అరుగు మీద నిలబెట్టారు. వీధిలో పద్నాలుగు మంది పిల్లలు తలలకు నూనె పెట్టుకుని, ఉతికిన బట్టలు వేసుకుని వరసగా నిలబడి ఉన్నారు. అందరూ నా వెనక్కి చూస్తున్నారు. నా వెనక ఏమీ లేదు.

"గుర్రం యాడ మామా?" అంది పిల్ల.

బాద్షా అప్పుడు ఆఫీసు దగ్గర గుమాస్తాల కోసం కాచుకుని ఉంది. నాకేం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు చేసే పనే చేశాను. వీధిలో వంగి, చేతులు నేలకు ఆనించి, "ఇదిగో, వచ్చేసింది" అని గుర్రంలా సకిలించాను. ఎప్పుడైనా అందరికంటే ముందు నవ్వేది మా పిల్ల. ఆ రోజు నవ్వలేదు. ఒక నిమిషం నన్ను చూసి, అరుగు దిగి, లోపలికి పోయింది. ఎదురింటి పిల్లవాడు, "వాళ్ళ మామ అన్నీ అబద్ధాలే చెప్తాడంట, మా నాయన ముందే చెప్పినాడు" అన్నాడు. నేను ఇంకా వంగే ఉన్నాను. లేవడానికి మొహం చెల్లలేదు.

మా అక్క వంటింటి గడపలో నన్ను నిలబెట్టి మెల్లగా, పిల్లకు వినపడకుండా చెప్పింది. "నీ ఎగతాళికి మేము ఉండాం, వీధి ఉండాది, ఊరు ఉండాది. దాన్ని విడిచిపెట్టు. ఇంగొక్కసారి దాన్ని ఏమార్చినావంటే మా ఇంట్లోకి రావద్దు." అక్క నన్ను చాలాసార్లు తిట్టింది. గొంతు పెంచకుండా తిట్టడం మాత్రం అదే మొదలు.

పిల్లకు గురువారం సంగతి వివరించి చెప్పాను. ఒక మనిషికి రెండు పుట్టినరోజులు ఉంటాయా అని అడిగింది. ఉంటాయన్నాను, ఒకటి అవ్వది, ఒకటి సర్కారుది. నా మాట మీద నమ్మకం పోయింది కాబట్టి, సాయంత్రం బావ జట్కా దిగగానే ఎదురుపోయి అడిగింది. బావ కోటు విప్పుతూ, "బుధవారం చేసినారా? అది చెల్లదు. బడిలో చేర్చేటప్పుడు తిథి రాయరు. నీది వచ్చే గురువారం" అన్నాడు. ఆయన కూతురితో అంత పొడుగు మాట మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. పిల్ల మొహం వెలిగింది. "అయితే నువ్వు చూడాల నాన్నా, నేను గుర్రం ఎక్కేది."

బావ చెయ్యి కోటు మీదే ఆగింది. ఆ గురువారమే ఆయన ఫైళ్ళతో హైదరాబాదు పోవాలి. పొద్దున మూటలు లారీకి ఎక్కిస్తారు, సాయంత్రం రైలు. అక్క, అవ్వ, పిల్ల నెల తర్వాత పోయేవాళ్ళు. "ఆ పొద్దు నాకు కుదరదు" అన్నాడు. పిల్ల ఏడవలేదు. కాసేపు ఆలోచించి నా వైపు తిరిగి, "అయితే గుర్రం వద్దులే మామా" అంది. బలపం వద్దులే అన్నట్టు అంది.

గుర్రాన్ని ఒప్పించాను, ఇసుకను ఒప్పించాను, ఇప్పుడు బావను ఒప్పించాలి. ఆయన స్నానానికి పోతుంటే బావి దగ్గర పట్టుకున్నాను. "ఒక్క పూట సెలవు పెట్టు బావా." "మూడేళ్ళలో ఒక్క పూట పెట్టలేదప్పా. ఫైళ్ళు లారీ ఎక్కే దినం పెట్టమంటావా? ఒక్క మూట తారుమారైతే హైదరాబాదులో ఆరు నెలలు వెతకాల." "ఫైళ్ళు యాడికి పోతాయి బావా. పిల్లకు ఐదేళ్ళు మళ్ళీ రావు." బావ చెంబు నీళ్ళు నెత్తిన పోసుకున్నాడు. ఆ నీళ్ళలోంచి, "పొద్దున తొమ్మిదిన్నర దాకా ఇంట్లోనే ఉంటా. ఆ లోపల ఎక్కిస్తే చూస్తా" అన్నాడు. నాకు అదే చాలు. పిల్లకు చెప్పాను. అది నన్ను నమ్మినట్టూ నమ్మనట్టూ తలూపింది.

గురువారం ఎనిమిదింటికే చాచా బాద్షాను తోలుకొచ్చాడు. ఇంటి ముందు బండి విప్పి పక్కకు పెట్టాము. జీను లేదు కాబట్టి అవ్వ బొంత తెచ్చి గుర్రం వీపు మీద వేసి తాడుతో బిగించాను. అవ్వ చూసి, "నా బొంత రా అది" అంది. "పుట్టినరోజు పిల్ల కూర్చుంటాండాది అవ్వా, పుణ్యం" అంటే ఊరుకుంది. అక్క బొరుగులు, పుట్నాలపప్పు, బెల్లం కలిపి పిల్లలకు కాగితం పొట్లాలు కట్టింది. ఈసారి పద్నాలుగు మందికి అనుమానం, అందరూ కొంచెం దూరంగా నిలబడ్డారు. పిల్లను ఎత్తి కూర్చోబెట్టాను. అది గుర్రం మెడ మీది వెంట్రుకలు రెండు చేతులతో పట్టుకుని వీపు నిటారుగా పెట్టింది. బావ కోటు వేసుకుని, గడియారం చేత్తో పట్టుకుని అరుగు మీద నిలబడ్డాడు. నేను కళ్ళెం పట్టుకుని "పద" అన్నాను.

బాద్షా కదల్లేదు.

చాచా అదిలించాడు. నేను లాగాను. ఉలవలు చూపించాము, గుర్రం మెడ చాచి ఉలవలు తినేసి మళ్ళీ మెడ వెనక్కి తీసుకుంది. వెనక నుంచి నెట్టాము. పిల్లలు దగ్గరికొచ్చి సలహాలు చెప్పడం మొదలుపెట్టారు. ఎవరో చెవిలో ఊదమన్నారు. ఎదురింటి పిల్లవాడు, "దానికి మూడు కాళ్ళేనేమో, సరిగ్గా చూడండి" అన్నాడు. తొమ్మిది అయింది. తొమ్మిదింపావు అయింది. బావ గడియారం చూసి గుర్రాన్ని చూసేవాడు, గుర్రాన్ని చూసి గడియారం చూసేవాడు. తొమ్మిదిన్నర అయింది. ఆయన దిగివచ్చి కూతురి పాదం మీద ఒకసారి చెయ్యి వేసి, గొడుగు విప్పుకుని నడిచిపోయాడు. నడవక తప్పదు, ఆయన జట్కా గుర్రం మా దగ్గరే ఉంది. పిల్ల గుర్రం మీద నుంచి ఆ గొడుగు సందు తిరిగేదాకా చూసింది. "ఎక్కేది చూసినాడు. పోయేది చూడల్యా" అంది. నేను మా అక్క వైపు చూడలేదు.

అట్లా ఇంకో అరగంట ఆ గుర్రంతో తగువు పడ్డాము. నా చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. చివరికి పిల్లే పైనుంచి, "చాచా, బండి టర్రుమనలేదు గదా" అంది.

చాచా నోరు తెరిచి దాన్ని చూశాడు. జట్కా తోలేవాళ్ళు బండి కదిలించేటప్పుడు చర్నాకోల కర్రను చక్రపు ఆకుల మధ్య పెడతారు, చక్రం తిరుగుతుంటే టర్రుమని చప్పుడవుతుంది, దారిలోవాళ్ళు తప్పుకుంటారు. బాద్షాకు చాచా అదిలింపు లెక్కలేదు, కొరడా లెక్కలేదు, ఆ చప్పుడు వింటేనే ప్రయాణం. ఆ చప్పుడు మూడేళ్ళు తనే చేసిన మనిషికి ఆ సంగతి తోచలేదు, దినమూ అరుగు మీద కూర్చుని విన్న పిల్లకు తోచింది. చాచా పోయి విప్పిన బండిని ఒక పక్కకు ఒరిగించి, లేచిన చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పి, కర్ర పెట్టాడు.

బాద్షా చెవులు నిక్కాయి. కదిలింది.

పిల్లలంతా ఒక్కసారి కేక పెట్టారు. నేను కళ్ళెం పట్టుకుని హంద్రి వైపు తిప్పాను. అది ఆఫీసు వైపు తిరిగింది. కళ్ళెం నా చేతిలో ఉంది, నేను గుర్రం చేతిలో ఉన్నాను. మూడేళ్ళుగా పొద్దున ఆ చప్పుడు వినగానే అది పోయే దారి ఒకటే. సందు తిరిగాము, అంగళ్ళు దాటాము. కూరగాయలమ్మే ఆమె, "పెండ్లికూతుర్ని యాడికి తోలకపోతాండావప్పా?" అని అడిగింది. "నాకు యాడ తెలుసమ్మా, గుర్రాన్ని అడుగు" అన్నాను. నా వెనక పద్నాలుగు మంది బొరుగులు నములుతూ పరుగు, వాళ్ళ వెనక చాచా ఆయాసపడుతూ, "దాన్ని లాగొద్దు అబ్బయ్యా, దానికి దారి తెలుసు" అంటూ. పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. వెంట్రుకలు పట్టుకుని, గడ్డం పైకెత్తి, ఊరంతా తనదే అన్నట్టు చూస్తూ పోయింది.

ఆఫీసు గేటు దగ్గరకు పోయి, దినమూ గుమాస్తాలను దింపే చోటే, ఒక్క జానెడు ఇటూ అటూ కాకుండా, బాద్షా ఆగింది. లోపల లారీ నిండా మూటలున్నాయి, బయటికి రావడానికి గుర్రుమంటోంది, గుర్రం అడ్డం నిలబడి ఉంది. గుడారాల్లోంచి గుమాస్తాలు తలలు బయటపెట్టారు. అందరి వెనకగా బావ వచ్చాడు. చేతిలో ఎర్ర దారం ఉండ, వేళ్ళకు లక్క అంటుకుని ఉంది. గుర్రాన్ని చూశాడు, నన్ను చూశాడు, అవ్వ బొంతను చూశాడు, చివరికి కూతుర్ని చూశాడు.

"చూసినావా నాన్నా?" అంది పిల్ల.

"చూసినా" అన్నాడు బావ.

ఆ వెనకే పై అధికారి వచ్చాడు. కేకు కోయించిన ఆయనే. "ఎవరిదయ్యా ఈ గుర్రం?" అని గట్టిగా అడిగాడు. నేను నాదే అని చెప్పడానికి నోరు తెరిచాను. చాచా కూడా తెరిచాడు. మా ఇద్దరికంటే ముందు బావ, "మాదే సార్" అన్నాడు. అధికారి బావను పైనుంచి కిందికి చూసి, "అయితే లారీకి అడ్డం తీయించండి. ఇంటికి తోలేసి రండి" అన్నాడు. మూడేళ్ళు సెలవు అడగని మనిషికి సెలవు ఆర్డరు రూపంలో వచ్చింది.

కాని బాద్షా మళ్ళీ కదల్లేదు. బండి ఇంటి దగ్గరే ఉంది, టర్రుమనిపించడానికి చక్రం లేదు. చాచా బావ దగ్గరికి పోయి చేతులు కట్టుకున్నాడు. "తప్పుగా అనుకోవద్దు సార్. ఈ చోట నుంచి ఇంటికి పోయేటప్పుడు మీరు ముందు ఎక్కుతారు, మీ బరువు పడితే ఇంటికని దానికి తెలుసు. మీరు ఎక్కితే గాని ఇది ఇంటి మొగం పట్టదు." బావ గుమాస్తాలందరి వైపు ఒకసారి చూశాడు. దారం ఉండ నా చేతిలో పెట్టాడు. ఇద్దరు బంట్రోతులు చేతులు అల్లి మెట్టు చేశారు. ఆయన కోటు పైకి పట్టుకుని, ఒక కాలు అవతలికి వేసి, కూతురి వెనక బొంత మీద కూర్చున్నాడు. లక్క అంటిన చెయ్యి ఆమె పొట్ట చుట్టూ వేశాడు. బాద్షా ఇంటి వైపు తిరిగి నడిచింది.

అక్కడి నుంచి మా ఇంటికి పావుగంట దారి. నేను కళ్ళెం పట్టుకుని ముందు నడుస్తున్నాను, అందుకే నాకు చూడటానికి కుదరలేదు, వినడమే కుదిరింది. పిల్ల ఆపకుండా మాట్లాడింది. ఏ అంగడివాడు ఏం అన్నాడో, ఎదురింటి పిల్లవాడు దాని బలపం ఎట్లా విరిచాడో, హైదరాబాదులో గుర్రాలుంటాయా, ఉంటే వాటికి తెలుగు వస్తుందా అని అడిగింది. బావ అన్నిటికీ "ఊఁ" అన్నాడు. ఒకచోట మాత్రం, "విరిచినాడా? నాకు చెప్పలేదే" అన్నాడు. "నువ్వు ఇంట్లో యాడుంటావు?" అంది పిల్ల. నేను వెనక్కి తిరిగి ఏదో ఒక పరాచికం ఆడి ఆ మాటను తేలిక చేద్దామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. మింగేశాను. నా బతుకులో నేను మింగిన పరాచికాలు రెండో మూడో, అందులో అది మంచిది.

ఇంటి ముందు గుర్రం ఆగగానే బావ దిగాడు. పిల్లను దించలేదు. గడియారం తీసి చూశాడు, మూత వేశాడు, జేబులో పెట్టుకున్నాడు. ఒరిగి ఉన్న బండి వైపు చూపిస్తూ, "చాచా, ఇంగొకసారి టర్రుమనిపించు. ఆఫీసు దాకా నడిచే వస్తా పక్కన" అన్నాడు. ఆయన ఒక చేత్తో కూతురి పాదం పట్టుకుని, రెండో చేతిలో గొడుగు ఎండ తగలకుండా ఆమె వైపు వంచి నడిచాడు. గొడుగు నీడ ఆయన మీద పడలేదు. గేటు దగ్గర లారీ అప్పటికే పోయింది, అక్కడ పిల్లను దించి నా భుజం మీద పెట్టాడు, నా చేతిలోని దారం ఉండ తీసుకుని లోపలికి పోయాడు. గుర్రం కదల్లేదు కాబట్టి మిగతా పద్నాలుగు మంది ఆ గేటు పక్కన నిలబడిన గుర్రం మీదే వంతులవారీగా కూర్చుని దిగారు. ఎదురింటి పిల్లవాడికి చివరి వంతే వచ్చింది. తర్వాత చాచా అరువు ఎద్దుతో బండిని అక్కడికే ఈడ్పించుకుని వచ్చి కట్టుకుని పోయాడు.

ఆ సాయంత్రం రైలుకు బావ పోయాడు. శుక్రవారం బాద్షా ఆలూరు దారి పట్టింది. నెల తిరిగేసరికి అక్క, అవ్వ, పిల్ల కూడా పోయారు, గుడారాలు విప్పేశారు. నేను ఒక్కణ్ణే ఈ ఊళ్ళో మిగిలి, ఆ తర్వాత చేసిన పనులన్నీ నిలకడగానే చేశాను. బావ పెద్ద ఉద్యోగం దాకా ఎదిగి, రిటైరై, నిండు వయసులో పోయాడు. ఎన్నోసార్లు కలిశాము. ఆ గురువారం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఏళ్ళు వాటంతట అవే ముందుకు పోతాయి, వాటికి ఎవరి సాయమూ అక్కర్లేదు. గడిచిపోయిన ఒక పావుగంటను మోసే పని మాత్రం ఎవరో ఒకరి మీద పడుతుంది. ప్రస్తుతానికి అది నా వంతు.